హంసకు ఎదురుగా

తలుపు బయటినుంచి మూసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు బండిమీది ఇనపపెట్టె ఒళ్ళంతా పాకింది, ఆ చప్పుడుకి హంస చెవులు రెండూ వెనక్కి వాలి, మళ్ళీ లేచి, ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగాయి. రాజారావు ఊపిరి బిగబట్టి ఆ చెవులనే చూస్తూ నిలబడ్డాడు. అతనికీ గుర్రానికీ మధ్య ఉన్నదల్లా దాని రొమ్ముకి అడ్డంగా బిగించిన కమ్మీ, ఆ కమ్మీకి చుట్టిన పాత బొంత. కమ్మీకీ వెనక తలుపుకీ నడుమ మనిషి నిలబడేందుకు మూరెడు చోటు వదిలింది అతనే. కాగితం మీద ఆ మూరెడూ గీస్తున్నప్పుడు అందులో నిలబడేది తనే అవుతాడని మాత్రం అనుకోలేదు. మామూలుగా బండెక్కిన గుర్రం ముఖం డ్రైవరు వైపు ఉంటుంది. ఇందులో దాని పిర్రలు డ్రైవరు వైపు, ముఖం వెనక తలుపు వైపు. కాబట్టి ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి దాకా, గంటో గంటంపావో, అతనూ ఈ తెల్లగుర్రమూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పోవాలి. దాని ఊపిరి అతని మెడకి వెచ్చగా తగులుతోంది. గడ్డి వాసన, దానిమీద కాస్త బెల్లం వాసన. ఇందాక ముత్యమ్మ పెట్టిన బెల్లంముక్క ఇంకా దవడ పక్కన ఎక్కడో దాచుకున్నట్టుంది.

ముత్యమ్మ బెల్లమైతే పెట్టింది గానీ నోరు ఊరుకోలేదు. పక్కనుంచి దించిన పలక మీదుగా హంస ఎక్కి, లోపల మెల్లగా తిరిగి, వెనక్కి ముఖం పెట్టి నిలబడగానే కొంగు నడుముకి చుట్టి అందుకుంది. "ఏంది సారూ గిది, పెండ్లికి పోయే గుర్రం ఎనకకు మొకం పెట్టి పోతదా? పెండ్లోళ్ళు సూస్తె ఏమంటరు? శవాన్ని గూడ గిట్ల తీస్కపోరు." ఆమె మొగుడు చిన్నరాములు స్టీరింగు ముందునుంచే అరిచాడు, "నువ్వు జెర ఊకో, సార్ ముప్పై ఏండ్లు ప్లాంటుల నౌకరి చేసిండు, నీకు తెల్సా ఆయనకు తెల్సా?" రాజారావుకి నవ్వొచ్చింది. "బస్సులో నిలబడితే, బ్రేకేసినప్పుడు నువ్వెటు పడతావు ముత్యమ్మా?" అని అడిగాడు. "ముంగటికే పడ్త, ఇంకెటు పడ్త." "హంసకి ముందు ఏముంది? తల, మెడ, సన్నటి మోకాళ్ళు. మరి వెనకాల?" ముత్యమ్మ సిగ్గుపడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "బోర్లాపడి మూతి పగలగొట్టుకోవడం మేలా, వెనక మెత్తగా ఆనుకోవడం మేలా?" ముత్యమ్మ చెయ్యి తీసి, "గట్లైతె నన్ను గూడ బస్సుల ఎనకకే కూసోబెట్టుండ్రి," అంది, అక్కడున్న నలుగురూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఆమె హంస మెడమీద చెయ్యి వేసి, ఎవరికీ వినబడకుండా అనుకుని అందరికీ వినబడేలా అంది, "ఈ ఒక్కసారి మంచిగ పోయి రా బిడ్డా, రేపు వాడొస్తుండు."

వాడంటే జహీరాబాద్ అవతలి బేరగాడు. పొద్దున్నే వస్తానని కబురు పెట్టాడు, హంసని ఇటుకబట్టీకి తోలుకుపోతాడు. చిన్నరాములుకి అమ్మాలని లేదు, కానీ పెళ్ళిళ్ళ గుర్రం ఊళ్ళు తిరక్కపోతే మనిషీ బతకడు, గుర్రమూ బతకదు. ఇస్నాపూర్‌లో అద్దెగదుల్లో ఉండే ఫ్యాక్టరీ వాళ్ళలో గుర్రమెక్కే పెళ్ళికొడుకులు ఏడాదికి ఎంతమంది? బరాత్‌లన్నీ పటాన్‌చెరులోనో, సంగారెడ్డిలోనో. నాలుగు నెలల కిందట ముత్తంగి దగ్గర, పైకప్పులేని ట్రాలీలో డ్రైవరు వైపు ముఖం పెట్టి నిలబడ్డ హంస, ఎవడో అడ్డం వస్తే వేసిన బ్రేకుకి మోకాళ్ళమీద కూలబడింది. రొమ్ము ఇనపకడ్డీకి చీరుకుపోయింది. పదకొండు కుట్లు. గాయం మానింది, కానీ అప్పట్నించీ బండి కనబడితే చాలు నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడిపోతుంది. ఎక్కించబోయిన ఇద్దరు మనుషుల్ని గోడకి విసిరింది. ఇవాళ సంగారెడ్డిలో కిరాణా వ్యాపారం చేసే వెంకటనారాయణ గారి కొడుకు పెళ్ళి. ఆ వాకిట్లో హంస చెమటలు కక్కకుండా, బెదరకుండా దిగితే చిన్నరాములు బేరగాడికి రావద్దని ఫోన్ చేస్తాడు. లేకపోతే చెయ్యడు. అంతే.

బండి కదిలింది. హంస కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టుకుంది, గిట్టలు కింద పరిచిన దళసరి రబ్బరుమీద చప్పుడు లేకుండా సర్దుకున్నాయి. ఆ రబ్బరు బొల్లారం పాతసామాన్ల కొట్టులో దొరికిన కన్వేయర్ బెల్టు ముక్క, ఏళ్ళపాటు ఏ మందుల ఫ్యాక్టరీలోనో డబ్బాలు మోసీ మోసీ చివరికి గుర్రం కాళ్ళకిందికి వచ్చింది. దానికీ ఒక మంచి రిటైర్మెంటే, అనుకున్నాడు. తన రిటైర్మెంటు మొదట్లో తనూ పాతసామాన్ల కొట్టులో ఉన్నట్టే ఉండేవాడు. ఈ పెట్టె చెయ్యమని ఎవరూ అడగలేదు, గాయంతో ఉన్న హంసని చూసి తనే కాగితం, పెన్సిలు తీశాడు. మొదటి పెట్టె ఎంత బరువొచ్చిందంటే, గుర్రం ఎక్కకముందే పికప్ బండి వెనక చక్రాలమీద కూర్చుండిపోయింది. ప్లాంటు మనుషులు చేసే తప్పే చేశాడు, టర్బైన్ మోసే పెట్టెకి వేసినంత మందం రేకు వేశాడు, విరగకూడదు, వంగకూడదు, ఎవరూ వేలెత్తి చూపకూడదు. చిన్నరాములు చుట్టూ తిరిగి చూసి, "సార్, గుర్రానికి చేసిండ్రా ఏనుగుకా?" అన్నాడు. మళ్ళీ కోసి, సన్నరేకు వేసి, బరువు సగానికి తెచ్చేసరికి నెల పట్టింది. తర్వాత మూడు వారాలు ఆ పెట్టెని గుర్రం కొట్టం ముందే నిలబెట్టి, రోజూ పలకమీద కాసిని క్యారెట్ ముక్కలు పోసి, తను దూరంగా కుర్చీలో కూర్చునేవాడు. మొదటివారం ముందుకాలు ఒకటి. తర్వాత రెండు. పంతొమ్మిదో రోజున హంస తనంతట తనే లోపలికి వెళ్ళి, తిరిగి, ఏమిటన్నట్టు అతన్ని చూసింది.

రుద్రారం ఇంకా రాకముందే బండి గట్టిగా ఆగింది. రాజారావు రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ముందుకి తూలాడు, అతని నుదురు హంస నుదుటికి తగిలింది. హంస తూలలేదు. పిర్రల్ని వెనక మెత్తకి ఆనించి, ఎవరో కుర్చీ వేస్తే కూర్చున్నట్టు ఒక్క క్షణం కూర్చుని, మళ్ళీ నిలబడింది. అంతే. మోకాళ్ళు వంగలేదు, తల ఎగరలేదు. రాజారావు నుదురు రుద్దుకున్నాడు. ప్లాంటులో ఇన్నేళ్ళు గీసిన ఏ గీతా తనకి ఇంత తిన్నగా జవాబు చెప్పలేదు. "చూశావా," అన్నాడు, ఎవరితోనో. హంసతో అనుకుని అన్నాడు గానీ, ఇలాంటివి చూడమని చెప్పే అలవాటు మరొకరితో.

భార్య దుర్గ ఉంటే ముందు ఈ గుర్రం దగ్గరికి వచ్చేదే కాదు, భయం. కానీ పెరటిగోడ మీదినుంచి రోజూ కూర తరిగిన తొక్కలు అవతలికి విసిరేది, అవతల చిన్నరాములు కొట్టం, కొన్నాళ్ళకి హంస పది గంటలకల్లా గోడ దగ్గర మూతి పెట్టి నిలబడటం నేర్చుకుంది. "ఏవండీ, మీ ఆఫీసులో ఎవరైనా ఇంత సరిగ్గా టైముకి వచ్చేవారా?" అనేది దుర్గ. దుర్గ పదకొండో రోజు కార్యక్రమానికి వచ్చిన బంధువులంతా కాఫీల దగ్గర ఉండగా, రాజారావు పెరట్లోకి వచ్చి చూస్తే గోడమీద తెల్లటి మూతి. పది గంటలకి. లోపలికి వెళ్ళి తొక్కలు తేలేదు, ఒక మంచి బీట్‌రూట్ దుంపే తెచ్చాడు. ఆ రోజునుంచే వాళ్ళిద్దరికీ స్నేహం. దుర్గకి రైల్లో వెనక్కి తిరిగిన సీటు కావాలి, ఎప్పుడు తణుకు వెళ్ళినా. అందరూ ఇంజను వైపు ముఖంగా కూర్చోవాలని తోసుకుంటుంటే ఆమె ఎదురుసీటు కిటికీ పట్టుకునేది. తల తిరుగుతుందే అంటే, "ముందుకి కూర్చుంటే అన్నీ మీదికొచ్చి మాయమైపోతాయండీ. ఇలా కూర్చుంటే వెళ్ళిపోయేవి కూడా చాలాసేపు కనిపిస్తాయి," అనేది. అందుకే ఈ పెట్టెకి వెనక తలుపులో, సరిగ్గా హంస కళ్ళ ఎత్తులో, తలుపు వెడల్పునా జానెడు ఎత్తు అద్దం పెట్టించాడు. చిన్నరాములు గుర్రానికి కిటికీ ఎందుకు సార్ అంటే వెలుతురికి అన్నాడు. వెలుతురికి కాదు. హంసకి కూడా చాలాసేపు కనిపించాలని.

ఇప్పుడు ఆ అద్దంలో ఒక కంపెనీ బస్సు కనిపిస్తోంది. రోడ్డు వెడల్పు చేస్తున్న చోట బళ్ళన్నీ ఒకే వరసలో పాకుతున్నాయి, నీలం చొక్కాల షిఫ్టు మనుషులు బస్సు ముందద్దంలోంచి గుర్రం ముఖాన్ని చూసి ఒకరినొకరు లేపుకుంటున్నారు. డ్రైవరు నుదుటికి చెయ్యి ఆనించి సలాం కొట్టాడు. రెండు షిఫ్టుల నిద్ర ముఖాల్లో ఒక్కసారిగా అంత నవ్వు చూసి రాజారావు పక్కకి ఒత్తుకుని వాళ్ళకి దారిచ్చాడు, చూసుకోండి, చూసుకోండి. హంస కూడా వాళ్ళని చూస్తోంది. దుర్గ మాట నిజమే. ఆఖరిసారి కూడా ఆమె అలాగే వెళ్ళింది. రెండేళ్ళ కిందట, ఆషాఢమాసం, ఆమెకి ఊపిరాడక అంబులెన్స్ వస్తే డ్రైవరు, "సార్, మీరు ముందు కూర్చోండి, సందులు తెల్వయ్," అన్నాడు. దారి చెప్పడానికి ముందు కూర్చున్నాడు. ఎడమకి, కుడికి, ఆ తర్వాత నేరుగా. పటాన్‌చెరు దాటాక దారి చెప్పాల్సిన అవసరమే లేదు, అయినా వెనక్కి మారతానని అడగడం తోచలేదు. రామచంద్రాపురం వచ్చేసరికి ఆమె లేదు. వెనక ఆమె పక్కన ఉన్న నర్సు, భవ్యశ్రీ అని పేరు, ఆస్పత్రి మెట్లమీద అతని పక్కనే కూర్చుని చెప్పింది, "భయపడలేదంకుల్. అద్దంలోంచి బయటికే చూస్తూ ఉన్నరు. చెట్లు పోతుంటే చూస్తూనే…" ఆ మాట పట్టుకునే రెండేళ్ళు నడిచాడు. తను పక్కన లేకపోయినా, వెళ్ళిపోయేవన్నీ ఆమెకి చాలాసేపు కనిపించాయి.

వరస విడిపోయింది, బస్సు పక్కకి తప్పుకుంది, దాని వెనకనుంచి ట్యాంకరు వచ్చింది. గడ్డపోతారం నుంచి ఏ ద్రావకం మోసుకొస్తోందో, ముందు భాగమంతా ఎర్రరంగు, దండలు, పెద్ద పెద్ద దీపాలు. అద్దం నిండిపోయింది. హారన్ పెట్టె లోపలే మోగినట్టు మోగింది. హంస కళ్ళలో తెల్లగుడ్డు కనిపించింది, మరుక్షణం దాని తల పైకప్పుకి కొట్టుకుంది, ముందుకాళ్ళు లేచి కమ్మీమీద పడ్డాయి, పెట్టె మొత్తం ఒక పక్కకి ఊగింది. ట్యాంకరు తగ్గడం లేదు, మళ్ళీ హారన్, ఆ ఎర్రటి ముఖం ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి. రాజారావుకి అప్పుడర్థమైంది. వెళ్ళిపోయేవి కనిపిస్తాయనుకున్నాడు. వెంటపడేవి కనిపిస్తాయని అనుకోలేదు. రైలు వెనక ఇంకో రైలు తరుముకు రాదు. జేబులో ఫోన్ మోగుతోంది, చిన్నరాములు. "ఏమైంది సార్? బండి ఊగుతుంది! ఆపాల్నా?" "ఆపకు రాములూ! వెనక ట్యాంకరుంది." "దిగుతదా సార్? పగ్గం తెంపుతదా?" ఆ గొంతులో బేరగాడు అప్పుడే వచ్చేసినట్టుంది. "మెల్లగా పోనీ. నేనున్నాను," అని ఫోన్ జేబులో వేసి, రాజారావు తన వీపుని అద్దానికి ఆనించాడు. వీపుకి హారన్ అదురు తెలుస్తోంది. వీపు చాల్లేదు, భుజాల పక్కనుంచి ఎర్రరంగు లోపలికి వస్తూనే ఉంది. పెళ్ళికని వేసుకున్న తెల్లచొక్కా బొత్తాలు విప్పాడు, తొందరలో ఒక బొత్తాం ఊడి ఎటో పడింది.

చొక్కాని అద్దం చట్రంలోకి కుక్కుతుండగా ట్యాంకరు పక్కకి తీసి దాటిపోయింది. ఖాళీ అయిన అద్దంలో, దారి మళ్ళించిన చోట ఎదురుబళ్ళు కూడా పక్కనుంచే పోతున్నాయి, అరుస్తూ వచ్చిన ఒక అంబులెన్స్ వాళ్ళని దాటి హైదరాబాద్ వైపు వెళ్ళిపోతూ దాని వెనక తలుపుల్ని చూపించింది. రెండు తలుపులకీ రెండు అద్దాలు. రెండింటికీ పైనుంచి కిందిదాకా అంటించిన తెల్లటి కాగితం, దానిమీద ఎర్ర అక్షరాలు. లోపలినుంచి ఆకాశం కూడా కనబడదు. అన్నీ అలా ఉండవేమో, అనుకున్నాడు. అనుకుంటూనే గుర్తొచ్చింది, ఆ రోజు ఆస్పత్రి ముందు తలుపు తెరిచినప్పుడు అదే తెల్లకాగితం, ఒక మూల ఊడి చుట్టుకుని. చూశాడు. చూసి కూడా రెండేళ్ళు చూడనట్టున్నాడు. చెట్లు లేవు. రోడ్డు లేదు. ఆ నర్సు అబద్ధమాడింది. ఒక పరాయి మనిషికి, తలపట్టుకుని మెట్లమీద కూర్చున్నవాడికి, ఆ క్షణంలో ఏది చెబితే లేచి నడుస్తాడో అది వెతికి చెప్పింది. మరి దుర్గ ఏం చూసింది? తెల్లకాగితాన్ని ఎంతసేపు చూస్తారు ఎవరైనా? దగ్గరగా వంగిన ఒక ముఖాన్ని చూసి ఉంటుంది. నుదుటిమీద చెమట తుడుస్తున్న ఆ అమ్మాయి ముఖాన్నే. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాడు, రాలేదు. ఒక్కతే లేదు కదా, అనిపించింది. చొక్కాని రెండో మూలలో కూడా లోపలికి దోపాడు. అద్దం మూసుకుపోయింది.

చీకటి కాదు, పలక సందుల్లోంచి సాయంత్రపు ఎండ గీతలుగా పడుతోంది, ఆ వెలుతుర్లో హంస ముఖం సగమే కనిపిస్తోంది. రొప్పుతోంది. నోటి నురగ అతని ఒట్టి ఛాతీమీద చల్లగా పడింది. ముందుకాళ్ళు కమ్మీమీదినుంచి ఎప్పుడో దింపుకుంది. రాజారావు రెండు అరచేతులూ దాని దవడల కింద పెట్టాడు. దారి చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది రుద్రారం గుడి మలుపే. ఇక్కడ గతుకుంటుంది, చూసుకో. ఇప్పుడు నేరుగా. కంది దాకా నేరుగానే. ఎవరూ రావడం లేదు వెనక, నేను చూస్తున్నాగా." అతనికి ఏమీ కనిపించడం లేదు. గతుకులు చక్రాలకిందినుంచి తెలిసినప్పుడల్లా వాటికి తోచిన పేర్లు పెట్టాడు, కంది, కాలేజీ గేటు, పెట్రోల్ బంకు, ఎర్రదీపం. ఎర్రదీపం దగ్గర హంస మళ్ళీ మెత్తగా వెనక్కి కూర్చుని లేచింది. దాని రొప్పు ఎక్కడ తగ్గిందో తెలియలేదు, తల బరువు మాత్రం మెల్లమెల్లగా అతని చేతుల్లోకి దిగుతూ వచ్చింది, చివరికి మోయలేక తన భుజాన్ని కూడా ఇచ్చాడు.

పోతిరెడ్డిపల్లి చౌరస్తా అయి ఉంటుంది, బండి ఆగి ఉంది. ఉన్నట్టుండి హంస మూలిగింది. తల అతని భుజంమీదినుంచి లేచి ముందుకి సాగింది, మెడ బిగిసింది, వెనకకాళ్ళు ఎడంగా జరిగి నడుము కిందికి కుంగింది. పడిపోతోంది. ఇంతదాకా వచ్చి పడిపోతోంది. "హంసా, హంసా," అంటూ దాని మెడని కౌగిలించుకున్నాడు, ఆ బరువుని తను ఆపగలనన్నట్టు. లోపల ఎక్కడో ధారగా నీళ్ళు పడుతున్న చప్పుడు. రేడియేటరా? ఏ గొట్టం పగిలింది? ఒంటిచేత్తో ఫోన్ తీశాడు. "రాములూ, ఏదో కారుతోంది, లోపలికి వస్తోంది, హంస కుంగిపోతోంది…" అప్పుడే పచ్చదీపం పడినట్టుంది, బండి ముందుకి కదిలింది, ఆ నీళ్ళన్నీ వెనక్కి పారి అతని చెప్పుల్ని ముంచాయి.

"నీళ్ళా? ఎట్లున్నయ్ సార్? సల్లగున్నయా?"

"వేడిగా ఉన్నాయి."

చిన్నరాములు పెట్టిన కేక ఫోన్‌లోంచి కాదు, ముందుగోడలోంచే వినబడింది.

"సార్! ఉచ్చ పోస్తుంది సార్ అది! అయ్యో సారూ, గంత సదివిండ్రు, గిది తెల్వదా! బుగులుతోని బెదిరిన గుర్రం నడిచే బండిల సుక్క గూడ పొయ్యదు సార్, కడుపు పగిలినా పట్టుకుంటది. మా నాయిన చెప్పేటోడు, బండిల పోసిందంటె ఇగ ఆ బండి దాని ఇల్లే అని…" బండి నెమ్మదించింది. "బండి పక్కకు తీస్త సార్. ముందుగాల వానికి ఫోన్ చేస్త, రేపు రావద్దని. మీరు జెర పక్కకు జరుగుండ్రి, చెప్పులు కరాబైతయ్."

పక్కకి జరగడానికి చోటుంది. హంస కళ్ళు సగం మూతపడి ఉన్నాయి, ధార ఇంకా ఆగలేదు. దాని పని పూర్తయ్యేదాకా రాజారావు కాలు కదపలేదు.